అత్తయ్య తేల్చని గోడ

మా మేనత్త ఏ విషయమూ ఒక పట్టాన తేల్చదు. టమాటాలు కొనడానికి వెళ్లి, భూతద్దంతో చూసి, "రేపు మళ్లీ చూద్దాం" అని ఉత్త సంచితో తిరిగొస్తుంది. పెళ్లి చేసుకుందామని మామయ్య అడిగితే "పరిశీలిస్తాను" అందట. జవాబు వచ్చినట్టు ఆయనకి ఇప్పటికీ గుర్తులేదు.

ఆవిడ ఉద్యోగం లైకెన్ల పరిశీలన. గోడలకీ, చెట్ల బెరడుకీ బూడిదరంగు పొడల్లా అంటుకుని ఉంటాయే, అవి. వాటిలో అచ్చం కవలల్లాంటి జాతులు రెండున్నాయి. ఒకటి సందుసందునా పెరుగుతుంది. రెండోది అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. అది ఉన్న చోటుని చట్టప్రకారం ఎవరూ ముట్టుకోకూడదు. ఒక చుక్క బ్లీచింగ్ నీళ్లు వేస్తే అరుదైనది ఎర్రబడుతుంది, మామూలుది మారదు. ఆ చుక్కల పుణ్యమా అని మా ఇంట్లో మచ్చల్లేని బట్ట లేదు.

ఒకసారి మా వీధి చివరి పాత గోడని కూల్చడానికి ఇంజనీరు వచ్చాడు. ఆ గోడకి రేకు వాల్చుకుని ఒక దర్జీ, భార్యతో కాపురముంటున్నాడు. గోడ నిండా బూడిద పొడలే, కాబట్టి అత్తయ్య సంతకం కావాలి.

"ఏ జాతి మేడమ్?"

"ఎండలో చూశాను. వానలో కూడా చూడాలి."

వాన పడింది. ఇంజనీరు మళ్లీ వచ్చాడు.

"ఇప్పుడు మరీ తడిగా ఉంది. ఆరనివ్వండి."

"ఒక్క చుక్క చాలన్నారుగా?"

"చుక్క వేయాలంటే చెయ్యి కుదురుగా ఉండాలి నాయనా. మీరు తొందరపెడితే వణుకుతుంది."

ఇంజనీరు తల పట్టుకున్నాడు. మామయ్య ఆయనకి కుర్చీ వేసి, "అలవాటైపోతుంది లెండి" అన్నాడు.

చలికాలం కూడా గడిచిపోయింది. ఒక ఉదయం దర్జీ వచ్చాడు. "మార్కెట్ వెనక గది దొరికిందమ్మా. మిషను కూడా చేర్చేశాం."

అత్తయ్య వెంటనే చెప్పులేసుకుంది. ఇంజనీర్ని పిలిపించి, ఆయన ముందే చుక్క వేసింది. రంగు మారలేదు. "మామూలుదే. కూల్చుకోండి" అని అక్కడే సంతకం పెట్టేసింది. ఆయన నోరెళ్లబెట్టాడు.

దారిలో అడిగాను. "నీకెప్పుడు తెలిసింది అత్తా?"

"మొదటిరోజే."

"మరి ఇన్నాళ్లూ?"

"గోడ మీదున్నది ఇంకెక్కడైనా బతికేస్తుందే. గోడ కిందున్న వాళ్లకే కాస్త టైం కావాలి."

సాయంత్రం దర్జీ మళ్లీ వచ్చాడు, కొత్త కొట్టు బోర్డుకి ఏ రంగు బాగుంటుందో అత్తయ్యని అడుగుదామని. ఆవిడ భూతద్దం తీసేలోపే మామయ్య గబుక్కున లేచి, "నీలం" అన్నాడు.