తాతయ్య నోటుబుక్కులో నా నెత్తురు

నా చిన్నప్పుడు, మా తాతయ్య పేరు చెబితే విశాఖ పోర్టులో సగం మంది కళాసీలు వణికేవారని అనేవారు. ఎక్కువగా ఆయనే అనేవారు. మేస్త్రీగా రిటైరయ్యాక ఆ మహావీరుడికి షుగర్ వచ్చింది. ఇంటికి షుగర్ చూసుకునే మిషను వచ్చింది. దాంతోపాటు కంటికి సరిగ్గా ఆనని ఒక సూదీ వచ్చింది. దాన్ని చూసి ఆయన మొహం తిప్పుకోవడం నేను మొదటిరోజే చూశాను.

అంకెలు దిగకపోతే రోజుకు రెండు ఇంజెక్షన్లు తప్పవని డాక్టరు చెప్పాడు. వారం తిరక్కుండా అంకెలు దిగాయి. పథ్యం వల్ల కాదు, నా వల్ల. పొద్దున్నే నాన్నమ్మ వంటింట్లో ఉండగా తాతయ్య నన్ను వరండాలోకి పిలిచి, నా వేలు పొడిచి, వచ్చిన తొంభైనాలుగునో తొంభైయారునో తన నోటుబుక్కులో ముత్యాల్లా రాసుకునేవారు. నాకు చుక్కకొక బెల్లం జీడి. తొమ్మిదేళ్ల వయసులో అది న్యాయమైన బేరంగానే తోచింది. డాక్టరు ఆ పుస్తకం చూసి మెచ్చుకుని మాత్రలు తగ్గించాడు. తాతయ్య కాలి బొటనవేలి మీది పుండు మాత్రం పుస్తకం చదవలేదు. అది రోజురోజుకూ పెరిగింది.

పక్కింటి అక్క సీతమ్మధారలో ఒక క్లినిక్కులో నర్సు. పుండుకు కట్టు మార్చడానికి వచ్చేది. ఒకరోజు పుస్తకం చూసింది, పుండు చూసింది, ఆ తర్వాత నా వేళ్లు చూసింది.

"ఏటే గుంటా, ఈ సుక్కలు?"

జీడి సంగతి చెప్పేశాను. అక్క కోప్పడలేదు. "రేపు తాత పిలిసే ముందు మామిడిపండు తిను. సెయ్యి మాత్రం కడుక్కోకు" అంది.

మర్నాడు సువర్ణరేఖ పండు మోచేతిదాకా కార్చుకుంటూ తిని వెళ్లాను. సూది వైపు చూడని మనిషి వేలు వైపు మాత్రం ఏం చూస్తాడు? మిషను నాలుగువందల పన్నెండు చూపించింది. తాతయ్య పక్క వేలు పొడిచారు. మూడువందల తొంభై.

అప్పుడే నాన్నమ్మా, అక్కా వరండాలోకి వచ్చారు. "ఎంతొచ్చిందేటి?" అని అడిగింది నాన్నమ్మ. ఎప్పట్లా తొంభై అని రాసేస్తే ఆయన గుట్టు భద్రం. పెన్ను చేతిలోనే ఉంది. ఆయన నన్ను ఒళ్లోకి లాక్కున్నారు.

"పిల్లకి సుగరొచ్చేసిందే. ఇది నా నెత్తురు కాదు, దీనిది. ఇన్నాళ్లూ దీనిదే."

అక్క నా చెయ్యి సబ్బుతో కడిగి, తుడిచి, మళ్లీ చూసింది. తొంభైమూడు. "పిల్లకేటీ లేదు తాతా. సెయ్యి కడక్కపోతే పండు తీపి కూడా లెక్కలోకొచ్చేత్తది. ఇప్పుడు నీ ఏలు ఇటియ్యి."

ఆయనది మూడువందల యాభై దాటింది.

"పోర్టు మేస్త్రీవంట," అంది నాన్నమ్మ. "గుంట ఎనకాల దాక్కున్నావు." ఆ ఏడాదంతా ఆమె ఇంతకు మించి ఏమీ అనలేదు. అవసరం పడలేదు.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. పాదం దక్కింది, బొటనవేలు దక్కలేదు.

ఇప్పుడు షుగర్ నాకు వచ్చింది. పరీక్షకు ముందు రెండు రోజులు పస్తుండి, మంచి అంకె తెచ్చుకుని, దారిలో స్వీట్లు కొనుక్కునే మా కాలనీ పెద్దమనుషులను చూస్తే నాకు కలగాల్సిన చులకనే కలుగుతుంది. తాతయ్య మీద కూడా అది పూర్తిగా పోలేదు. పోనివ్వను కూడా. తన కాలికి ఆయన నెలల తరబడి అబద్ధం చెప్పగలిగారు. నా దగ్గరికి వచ్చేసరికి అర నిమిషం చెప్పలేకపోయారు. పొద్దున్నే చెయ్యి కడుక్కుని నా వేలే పొడుచుకుంటాను. వచ్చిన అంకె రాయబుద్ధి కాని రోజున, నన్ను ఒళ్లోకి లాక్కున్న ఆ పిరికి మనిషి గుర్తొస్తాడు. రాసేస్తాను.