ట్యాంకర్ సినిమా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. మంగళవారం ఉదయం రాయదుర్గంలో ఆఫీసు లిఫ్టు కోసం వరసలో నిలబడి ఉండగా, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వాళ్ల అబ్బాయి పెట్టిన మెసేజ్ చూశాను. "అమ్మ తెల్లారంగ నిద్రల్నే పోయింది" అని ఒక్క ముక్క. కింద ఎవరో అడిగారు, "ట్యాంకర్ సినిమా పెద్దమ్మేనా?" అని. లిఫ్టు వచ్చింది, నిండింది, నన్ను వదిలేసి వెళ్లిపోయింది. గోడకు ఆనుకుని కాసేపు ఏడ్చి, ఆ ప్రశ్నకు జవాబు కొట్టాను: "అవును, ఆవిడే."

నాకూ ఆవిడకూ చుట్టరికం ఏమీ లేదు. మాది కృష్ణా జిల్లా, ఆవిడది గోపన్‌పల్లి. మేముంటున్న అపార్ట్‌మెంట్ ఒకప్పుడు వాళ్ల జొన్నచేను. చేను బిల్డర్‌కి ఇచ్చినందుకు వాళ్లకు వచ్చిన ఫ్లాటు మా ఎదురుగానే. మా గృహప్రవేశం రోజు వచ్చి, ఇల్లంతా కలియతిరిగి, "మంచిగుంది బిడ్డా. మీరు మంచమేసిన కాడ మా ఎడ్లు మేస్తుండె" అంది. మా అత్తగారు మొహం చిట్లించారు. నాకు మాత్రం ఆవిడ ఆ నిమిషంలోనే నచ్చేసింది. ఊరందరికీ పెద్దమ్మ కాబట్టి నాకూ పెద్దమ్మే అయింది.

మా క్లబ్‌హౌస్ హాల్లో శనివారం సాయంత్రాలు పాత యుద్ధం సినిమాలు వేసేవాళ్లం. చందానగర్ నుంచి మా బ్లాకుకు మారిన ఒక రిటైర్డు లెక్చరర్ గారు మొదలుపెట్టిన సరదా అది. ఎవరికిష్టమైన సినిమా వాళ్లు తెచ్చుకోవచ్చు. దానికి నియమం పెట్టింది మాత్రం పెద్దమ్మే. "టికెట్ లేకుంట సిన్మ ఏంది? మొదలు ఎక్కడ చూసినవ్, ఎవరితోని చూసినవ్, గది చెప్పు. గదే నీ టికెట్" అంది. అప్పటి నుంచి తెర వెలిగే ముందు జ్ఞాపకం చెప్పడం ఆనవాయితీ అయిపోయింది. లెక్చరర్ గారు అన్నయ్య భుజాలెక్కి రేకుల హాలు కిటికీలోంచి చూసిన సినిమా గురించి చెప్పారు. మూడో బ్లాకు ఆవిడ, పెళ్లి కుదిరిన కొత్తలో కాబోయే ఆయనతో వెళితే, తెర మీద మొదటి బాంబు పేలినప్పుడు ఆయన తన చెయ్యి పట్టుకున్నాడని చెప్పి సిగ్గుపడింది. "రెండో బాంబుకు ఏం చేసిండు?" అని పెద్దమ్మ అడిగిన తీరుకు ఆ సినిమా అరగంట ఆలస్యంగా మొదలైంది.

నా టికెట్ జలాంతర్గామి సినిమా. చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లోని నలుపు తెలుపు టీవీలో నాన్న పక్కన కూర్చుని చూశాను. సముద్రం అడుగున చిక్కుకున్నవాళ్లు ఇంకాసేపటికి పైకి వస్తారనగా కరెంటు పోయింది. "మీ నాయన ఏమని చెప్పిండు?" అంది పెద్దమ్మ. ఏమీ చెప్పలేదండీ, లేచి చదువుకోమన్నాడన్నాను. "గట్ల ఎట్ల? పైకొచ్చిండ్రని చెప్పాలె గద! పిల్లను నీళ్లల్ల ఇడిసిపెడ్తరా?" అని, ఎప్పుడో పోయిన మా నాన్న మీద నిజంగానే కోపం తెచ్చుకుంది.

ఇంతకీ ఆవిడ గొప్పతనమంతా వ్యాఖ్యానంలో ఉండేది. ఇంగ్లీషు రాదు, రష్యనూ రాదు. ఏ దేశం సినిమా అయినా ముందు వరస ప్లాస్టిక్ కుర్చీలో వేయించిన పల్లీల డబ్బా ఒళ్లో పెట్టుకుని, గోపన్‌పల్లి మాటల్లో కథంతా చెప్పేసేది. తెర మీద జనరల్ గారు మ్యాపు ముందు కర్ర పట్టుకుని గంభీరంగా ఉపన్యాసం ఇస్తుంటే, "గీ తొవ్వల పోతె సస్తం, గా తొవ్వల పోదం అంటుండు. గింతకు గంతసేపా!" అని తేల్చేసేది. సబ్‌టైటిల్ ఒక్క అక్షరం పోయినా ప్రాణం పోయినంత పని చేసే దాన్ని నేను. మొదట్లో పళ్లు నూరుకున్నాను. కానీ చిత్రమేమిటంటే, నూటికి తొంభై పాళ్లు ఆవిడ చెప్పిందే కింద అక్షరాల్లో వచ్చేది, కాకపోతే ఆవిడ ముందే చెప్పేసేది.

ఒక్క సినిమా దగ్గర మాత్రం లెక్క తప్పింది. అది ఆవిడకు ప్రాణమైన సినిమా. ఎడారిలో ఒక కోట, చుట్టూ శత్రువులు, కోటలో బావి ఎండిపోయింది. తుపాకుల మధ్య నుంచి ఒక డ్రైవరు నీళ్ల లారీ తోలుకుని బయలుదేరతాడు. ఎండాకాలం బాల్కనీల్లోంచి గేటు వైపు చూస్తూ ట్యాంకర్ కోసం పడిగాపులు కాసే మాకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. లారీ కోటలోకి రాగానే పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తి, "ఇగ ఫికర్ లేదు, ట్యాంకర్ వచ్చింది!" అని అరిచేది. తర్వాత డ్రైవరు స్టీరింగ్ మీద తల వాలుస్తాడు. కెప్టెన్ తలుపు తెరిచి చూసి, తన టోపీ తీసేస్తాడు. అప్పుడు పెద్దమ్మ గొంతు తగ్గించి అనేది: "అలిసి పండుకున్నడు. పొద్దుగాల లేస్తడు."

సబ్‌టైటిల్‌లో వాడు చనిపోయాడని స్పష్టంగా ఉంది. నేను ఊరుకునే రకాన్ని కాదు కదా, ఇంటికి వెళుతూ దారిలో అడిగేశాను. "పెద్దమ్మా, అతను చనిపోయాడండీ. మీరేమో పడుకున్నాడంటారు."

"నాకు కండ్లు లేవా బిడ్డా? టోపీ ఎందుకు తీస్తరో నాకెరుక లేదా?" అని నవ్వి, మెట్ల మీద కూలబడింది. "మా ఆయన మిలట్రీల లారీ నడిపేటోడు. పెండ్లైన కొత్తల క్యాంపుల తెర కట్టి గీ సిన్మ ఏసిండ్రు. ఆయనకు సుత ఇంగ్లీష్ రాదు, అన్ని కల్పించి నాకు చెప్తుండె. తెల్లారితె ఆయన బార్డర్‌కు పోవాలె. తెర మీద డ్రైవర్ గట్ల తల వాల్చంగనే నా పానం ఆగమాగమైంది. గప్పుడన్నడు, 'అలిసి పండుకున్నడే, పొద్దుగాల లేస్తడు' అని. లడాయి అయ్యేదాక గా మాట పట్టుకునే ఉన్న."

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేంది? వచ్చిండు! లారీ నడుపుకుంటనే వచ్చిండు. పిల్లలైండ్రు, మనుమలైండ్రు. ముసలోడై, నాతోని కొట్లాడి కొట్లాడి పోయిండు. ఇగ సిన్మ తీసినోడు అబద్ధం చెప్పిండో, మా ఆయన చెప్పిండో నువ్వే చెప్పు." యుద్ధం గెలిచిన మనిషి ఎలా ఉంటుందో ఆ మెట్ల మీద చూశాను. ఆ సినిమాకు నేను మళ్లీ సబ్‌టైటిల్ చదవలేదు.

పోయిన ఎండాకాలం మా హాలుకే ముప్పు వచ్చింది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు అద్దాల క్యాబిన్లు కట్టాలని కమిటీ తీర్మానం. మా ప్రెసిడెంటు గారు రాజమండ్రి మనిషి, మంచివారే, కాకపోతే శనివారం కూడా మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకుని తిరుగుతారు. "పదిమంది కోసం ఇంత హాలు ఎలా ఉంచుతామండీ?" అన్నారు. పెద్దమ్మ లేచింది. "ఒక్క శనివారం ఇయ్యి సారూ. హాలు నిండకుంటె నీ కేబిన్లకు నేనే కొబ్బరికాయ కొడ్త." ఆయన సరేనన్నారు. ఆ వారమంతా ఆవిడ మోకాళ్ల నొప్పి లెక్కచేయకుండా బ్లాకు బ్లాకూ తిరిగి కాలింగ్ బెల్లులు నొక్కింది. అంత ధైర్యంగా పందెం కాసిన మనిషి నా దగ్గర మాత్రం, "ఆయన మాట చెప్పుకునే జాగ గదొక్కటే ఉంది బిడ్డా" అంది.

హాలు నిండింది. గోడల వెంట కూడా జనమే. ట్యాంకర్ సినిమా మొదలైంది, లారీ కోటకు సగం దారిలో ఉండగా స్పీకరు ఒక్కసారి గురగురమని చచ్చూరుకుంది. హాలు నిండా సాఫ్ట్‌వేర్ వాళ్లమే, పది మందిమి దాని మీద పడ్డాం. అది కిక్కురుమనలేదు. వెనక వరసల్లో కుర్చీలు కదిలిన చప్పుడు. తలుపు దగ్గర ప్రెసిడెంటు గారు వాచీ చూసుకుంటున్నారు. అయిపోయింది, హాలు పోయింది అనుకున్నాను.

పెద్దమ్మ కొంగు నడుముకు దోపి తెర పక్కకు వెళ్లింది. "ఏడికి పోతుండ్రు? కూసోండ్రి! బొమ్మ నడుస్తనే ఉంది గద, మాటలు నేను చెప్త. రెండో వరసోళ్లు, మీరు ఇంజన్! ఎనకున్నోళ్లు తుపాకులు! లెక్చరర్ సారు, నువ్వు హారన్!"

ముందు నవ్వారు. తర్వాత రెండో వరస నుంచి ఇంజన్ మొదలైంది. దిబ్బ ఎక్కుతుంటే మూలిగింది, దిగుతుంటే పరిగెత్తింది. తుపాకులు పేలాయి. డ్రైవరూ ఆవిడే, కెప్టెనూ ఆవిడే, శత్రువూ ఆవిడే. లారీ కోట ముందుకొచ్చి ఆగింది, లోపలివాళ్లు తలుపు తీయాలా వద్దా అని తటపటాయిస్తున్నారు. పెద్దమ్మ గిర్రున వెనక్కి తిరిగి వేలు చూపించింది. "సారూ, గేటు కాడ ఉన్నది నువ్వే! తెరువు!"

ప్రెసిడెంటు గారు మెడలో కార్డు ఊగిపోతుండగా, రాజమండ్రి గొంతు చించుకుని అరిచారు: "గేటు తీయండయ్యా! ట్యాంకర్ వచ్చేసిందండీ!"

పైకప్పు లేచిపోయిందనుకోండి. ఆ గోలలోనే డ్రైవరు తల వాల్చాడు. పెద్దమ్మ తన మాట తను అంది. జనం చప్పట్లకు చేతులెత్తేసరికి పెదవుల మీద వేలు పెట్టి, "కొట్టకుండ్రి, లేస్తడు" అంది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. నిశ్శబ్దంగా గాల్లో ఊపుతూ నిలబడ్డాం అందరం. క్యాబిన్ల సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాతి శనివారం ప్రెసిడెంటు గారు తన సినిమా తెచ్చుకుని, టికెట్ కూడా చెప్పారు.

దశదినకర్మ అయ్యాక వచ్చిన శనివారం ఆ సినిమానే వేశాం. టికెట్ నేను చెప్పాను. "ఈ సినిమా నేను మొదట ఈ హాల్లోనే, పెద్దమ్మతో చూశాను" అన్నాను. అంతే చెప్పి కూర్చున్నాను. స్పీకరు ఎప్పుడో బాగైంది, అయినా ప్రెసిడెంటు గారు లేచి దాని గొంతు నొక్కేశారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండో వరసలో ఇంజన్ మొదలైంది. గేటు తెరిచాం. కెప్టెన్ టోపీ తీశాడు. కృష్ణా వాళ్లం, గోదావరి వాళ్లు, గోపన్‌పల్లి వాళ్లు, వాళ్ల అబ్బాయి, అందరం ఆవిడ యాసలోనే అన్నాం: "అలిసి పండుకున్నడు. పొద్దుగాల లేస్తడు."

తెర మీద సైనికులు ఇనుప టోపీల నిండా నీళ్లు పట్టుకుని ఒకరి మీద ఒకరు చల్లుకుంటున్నారు. లారీలో డ్రైవరు పడుకునే ఉన్నాడు. నిద్ర చెడకూడదని మేమెవరమూ చప్పట్లు కొట్టలేదు. చీకట్లో హాలు నిండా చేతులు, పైకి లేచి ఊగుతున్నాయి.