పెద్దబాపు కారు, నాలుగో టైరు

ఆ రోజుల్లో మా నిజామాబాద్‌లో పాత వస్తువును పాతదిగానే ప్రేమించేవాళ్లు నాకు తెలిసి ముగ్గురే ఉండేవారు. మిగతా ఊరంతా పాతదాన్ని కొత్తదిగా మార్చే పనిలో ఉండేది. ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించేవారు, పాత దూదిని ఏకించి పరుపు కుట్టించేవారు, దసరా వస్తే సైకిలుకు రంగు వేయించేవారు. మా అవ్వ అయితే పక్కింటి నుంచి తెచ్చిన చెంబును కూడా చింతపండుతో తోమి తళతళలాడించి గానీ తిరిగి పంపేది కాదు. ఉన్నదున్నట్టు ఇస్తే మర్యాదేముంటుందని ఆమె వాదన. ఆ చేతుల్లో పెరిగినవాణ్ని నేను. ఈ సంగతి ముందే చెప్పి పెట్టుకుంటున్నాను, జరిగింది విన్నాక నాకు వేయబోయే శిక్ష కాస్త తగ్గిస్తారేమోనని.

ఆ ముగ్గురిలో ఒకరు మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న. బస్టాండు దగ్గర ఆయనకు కారు సామాన్ల దుకాణం ఉండేది. రెండోవారు పళ్ల డాక్టర్ సాబ్. మూడోవారు బోధన్ నుంచి ప్రతి ఆదివారం వచ్చే వకీల్ సాబ్ (తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించి కోర్టులోనే కాదు, ఇంట్లో కూడా గెలిచేవాడట). ముగ్గురికీ ముసలి ఇంగ్లాండు కార్లు ఉండేవి. ఆదివారం పొద్దున డాక్టర్ సాబ్ ఇంటి ఆవరణలో చేరి, చాయ తాగుతూ, కదలని కార్ల గురించి గంటల తరబడి మాట్లాడుకునేవారు. వాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరి సామాను ఒకరికి అమ్మకూడదు, మార్చుకోవాలి. ఎక్కడ దొరికిందో అడగకూడదు. ముఖ్యంగా, ఏది పెట్టినా ఒరిజినల్‌దే పెట్టాలి. ఆ ‘ఒరిజినల్’ అన్న మాటను డాక్టర్ సాబ్ కళ్లు సగం మూసుకుని పలికేవాడు.

పెద్దబాపు కారు ఆ ఆవరణలోనే ఉండి, హైదరాబాదులో జరిగే పాత కార్ల ప్రదర్శనకు తయారవుతోంది. ఇంజను అయింది, రంగు అయింది, సీట్లు అయ్యాయి. మిగిలింది టైర్లే. ఆ కారు పుట్టినప్పటి కంపెనీవి, ఆ సైజువే కావాలి. ఇత్తడి హారను ఇచ్చి డాక్టర్ సాబ్ దగ్గర రెండు టైర్లు, లైటు చుట్టూ ఉండే వెండి రంగు కట్టు ఇచ్చి వకీల్ సాబ్ దగ్గర ఒకటి పెద్దబాపు సంపాదించాడు. ఆ టైర్లు ఇచ్చేటప్పుడు వాళ్లిద్దరూ ఆడపిల్లను అత్తారింటికి పంపినంత బాధ పడ్డారు. నాలుగోది మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఇక్కడ నేను ప్రవేశిస్తాను. నాకు ఇరవై ఒకటో ఏడు. డిగ్రీ రెండుసార్లు తప్పాను. మా బావ దుబాయ్ నుంచి వీసా పంపుతానన్నాడు, పాస్‌పోర్టు వచ్చి టీవీ మీద కూర్చుంది. నాకు పోవాలని లేదు. నిజం చెప్పాలంటే భయం. దుకాణంలో గ్రీసు వాసన, పెద్దబాపు పక్కన నిలబడి బోల్టులు ఏరడం, ఇదే నా లోకం. ఆ మాట చెప్పడానికి ఒకరోజు ధైర్యం చేశాను. పెద్దబాపు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“ఒక్క పని చేసి సూపెట్టు. నాలుగో టైరు దెచ్చినవంటే దుకాణంల ఉంటవ్. లేకుంటే నోరు మూసుకొని ఇమానం ఎక్కుతవ్.”

మా దిక్కు చెరుకు బండ్లకు పాత కారు టైర్లు వేయడం అలవాటు. జిల్లాలో చచ్చిపోయిన ప్రతి కారు టైర్లూ చివరికి ఏదో ఒక ఎద్దుల బండి కిందికే చేరతాయి. అందుకని చెరుకు సీజనులో రోజూ బస్సెక్కి బోధన్ పోయి, ఫ్యాక్టరీ గేటు ముందు మైలు పొడుగు నిలబడ్డ బండ్ల వరుసలో వంగి వంగి నడిచేవాణ్ని. మనుషుల మొహాలు చూడలేదు, చక్రాలే చూశాను. కొందరు రైతులు నన్ను ఫ్యాక్టరీ మనిషి అనుకుని తూకం ఎప్పుడని అడిగారు. ఒక ఎద్దు నా వీపు మీద తీరిగ్గా పేడ వేసింది (అది నా తప్పే, ఎద్దు తప్పేమీ లేదు).

తొమ్మిదో రోజు రెంజల్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నన్ను బండి కింది నుంచి బయటికి పిలిచాడు. తలకు రుమాలు, చేతిలో చెరుకు ముక్క. ఏం పోయింది కొడుకా, గంట నుంచి ఎతుకుతున్నవ్ అన్నాడు. టైరు కంపెనీ పేరు, నంబరు చెప్పాను. ఆయన చెరుకు పిప్పి ఉమ్మి, కొంచెం ఆలోచించి, తమ ఇంటి అటక మీద అలాంటిదే ఉందన్నాడు. వాళ్ల నాయన ఎప్పుడో దొర కారు అమ్ముడుపోయినప్పుడు తెచ్చాడట. బండికి సరిపోలేదట. పారేయడానికి మనసొప్పక గోనె పట్టా చుట్టి పైన పెట్టారట.

రెంజల్ పోయి ఆ పట్టా విప్పాక టైరును రెండుసార్లు చుట్టూ తడిమి చూశాను. అది వాడిన టైరు కాదు. ఒక్క గజం కూడా రోడ్డు మీద నడవలేదు. కొత్త టైరు మీద ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా దాని మీద అలాగే ఉన్నాయి. పక్కన కంపెనీ పేరు అక్షరాలు చేతికి తగులుతున్నాయి. ఆయన దానికి బదులుగా తన బండికి రెండు కొత్త ట్యూబులు అడిగాడు. నాలుగు ఇస్తానన్నాను. రెండు చాలు బిడ్డా అన్నాడు.

బస్సు మీద వేసుకుని శుక్రవారం ఊళ్లోకి వచ్చాను. దుకాణానికి పోయి, దొరికింది పెద్దబాపూ, వాడని టైరు అని చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. నాకు తెలిసి అదే మొదటిసారి. ఆదివారం అందరి ముందు విప్పి చూపిద్దాం, అప్పటిదాకా నేనూ చూడను అన్నాడు. ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది.

ఎందుకంటే టైరును నేను మళ్లీ చూసుకున్నాను. దుమ్ము, బూజు, తెల్లటి పొడ. పక్కల సన్నటి పగుళ్లు. ఇలాంటిది డాక్టర్ సాబ్ ముందు ఎలా పెట్టడం? పెద్దబాపు పరువేం కావాలి? మా అవ్వ పెంపకం లోపలి నుంచి లేచి కూర్చుంది. నేరుగా టైర్లకు రబ్బరు ఎక్కించే ఉస్తాద్ దుకాణానికి దొర్లించుకుంటూ పోయాను. పెండ్లికొడుకు లెక్క చేసియ్యి ఉస్తాద్ అన్నాను. ఆయన చేశాడు. పాత పైభాగం అంతా గీకేసి కొత్త రబ్బరు ఎక్కించాడు, పక్కలు సాన పట్టి పగుళ్లు మాయం చేశాడు, పైన నల్లరంగు కొట్టాడు. ఆదివారం పొద్దున తానే దొర్లించుకుంటూ నాతోపాటు డాక్టర్ సాబ్ ఇంటికి వచ్చాడు, మెచ్చుకోలు తనకూ కాస్త దక్కుతుందని.

ముగ్గురూ నిలబడ్డారు. పెద్దబాపు కారు పక్కనే మూడు టైర్ల మీద, ఒక ఇటుకల దొంతర మీద నిలబడి ఉంది. నేను గోనె పట్టా తాడు విప్పి ఒక్క గుంజు గుంజాను. నల్లగా, నున్నగా, నిన్న ఫ్యాక్టరీ నుంచి దిగినట్టు మెరిసింది. నేను వాళ్ల మొహాల్లోకి చూశాను, నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు. డాక్టర్ సాబ్ చేతిలో చాయ సాసరులోకి, సాసరులోంచి చెప్పు మీదికి కారింది. ఆయన గమనించలేదు. వకీల్ సాబ్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. పెద్దబాపు వంగి టైరు పక్కలను వేళ్లతో తడిమాడు, గుడ్డివాడు గోడ తడిమినట్టు. నాకు అప్పటికీ అర్థం కాలేదు. నచ్చి మాట రావట్లేదేమో అనుకున్నాను.

చివరికి డాక్టర్ సాబ్ అడిగాడు. “దీని మీది అక్షరాలేవి?”

నేను జవాబు వెతుక్కునేలోపే ఉస్తాద్ అందుకున్నాడు. “అచ్చరాలకేంది సాబ్, రేపు కొడ్త. మీయి రెండిటికి పోయినేడు కొట్టలేదా? వకీల్ సాబ్‌ది గూడ నేనే గద కోసింది.”

డాక్టర్ సాబూ వకీల్ సాబూ చెరో అడుగు వెనక్కి వేశారు. ఉస్తాద్‌కు అదేమీ పట్టలేదు. తన ఖాతాదార్లందరూ ఒక్కచోట కనబడ్డ ఆనందంలో పెద్దబాపు కారు దగ్గరికి పోయి, ఒక్కో టైరూ ఆప్యాయంగా నిమిరాడు. బండ్ల కింది పాత టైర్లకు రబ్బరెక్కించి, కాల్చిన కత్తితో కంపెనీ పేరు చెక్కడం ఎంత ఓపిక పనో నాకు వివరించాడు. ఒకదాని మీద ఓ అక్షరం కాస్త వంకరపోయిందని, అప్పుడే అనుకున్నానని బాధపడ్డాడు. డాక్టర్ సాబూ వకీల్ సాబూ తేలు కుట్టిన దొంగల్లా ఆకాశం వైపు, గోడ వైపు చూస్తూ నిలబడ్డారు.

లెక్క అందరికంటే ఆలస్యంగా తేలింది పెద్దబాపుకు, ఆ తర్వాత నాకు. ఆయన వేసుకున్న మూడూ దొంగవి. జిల్లా మొత్తంలో ఒకే ఒక్క నిజమైన టైరు రెంజల్ అటక మీద ఎవరి కంటా పడకుండా ఉంది. దాన్ని వెతికి పట్టుకుని, తెచ్చి, గీకించింది నేను. నిలబడ్డ చోటే భూమి చీలితే బాగుండుననుకున్నాను. దుబాయ్ ఎండ కళ్ల ముందు కనబడింది.

పెద్దబాపు కారు మెట్టు మీద కూర్చున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. కొడతాడనుకున్నాను. ఆయన చాలా మెల్లగా అన్నాడు.

“నువ్వు దుబాయ్ పోవద్దు బిడ్డా. ఆడ గూడ మందికి పాత సామాన్లుంటయ్.”

ముందు వకీల్ సాబ్ ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. తర్వాత డాక్టర్ సాబ్ భుజాలు కదిలాయి. చివరికి పెద్దబాపే కడుపు పట్టుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాడు. ఆ నీళ్లలో నవ్వు ఎంతో ఏడుపు ఎంతో నేను అడగలేదు, ఇప్పటికీ తెలియదు. హైదరాబాదు ప్రదర్శనకు ఆ ఏడు ఎవరూ పోలేదు. ఉస్తాద్ మరునాడు వచ్చి నాలుగో టైరు మీద కూడా అక్షరాలు చెక్కాడు, ఈసారి వంకర లేకుండా. అప్పటిదాకా గుడ్డ కప్పి దాచుకున్న ఆ కారు ఆ తర్వాత రోజూ బజారులో తిరిగింది. ఇంక దానికి అయ్యే నష్టమేమీ లేదని పెద్దబాపు అనేవాడు. నేను మాత్రం దుకాణంలోనే ఉండిపోయాను.

ఇప్పుడు నా వయసు అప్పటి పెద్దబాపు వయసు. టైర్లు, కార్లు బాగానే గుర్తుపడతాను. దేన్ని ముట్టుకోవాలో, దేన్ని ముట్టుకోకూడదో పదిసార్లు ఆలోచిస్తాను. అయినా అప్పుడప్పుడు ఆ ఆదివారం గుర్తొచ్చి, అక్కడున్న మిగతా నలుగురిలో ఎవరి మీదా రానంత ప్రేమ ఆ ఇరవై ఒక్కేళ్ల మూర్ఖుడి మీద వస్తుంది. అందరూ దొంగవాటిని నిజమని చూపిస్తున్న చోట, నిజమైనదాన్ని పాడుచేసి తెచ్చి, ఎంత సంతోషంగా నిలబడ్డాడో వాడు.