తిరగలి మీద తిరిగిన పెళ్లికుండలు

మొన్న ఎవరో పెద్దమనిషి పాత గరిటెలు, పళ్లు ఊడిన దువ్వెనలు బల్ల మీద పరిచి, వీటితో మట్టిపని చేయడం కొత్త కళ అని ఉపన్యాసం ఇచ్చాడు. నాకు ఒళ్లు మండింది. కొత్తదట! యుద్ధం రోజుల్లో ఆదోనిలో మా పెరట్లో అదే పని మేము గతిలేక చేశాం. గతిలేక చేసినా నవ్వుతూ చేశాం. నేను బడికి పోయినవాణ్ణి కాను, కిరాణా పొట్లాలు విప్పి ఆ కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. జరిగింది జరిగినట్టే రాస్తాను.

మాది కుమ్మరి ఇల్లు. నాయన పోయాక అన్నా నేనూ వేరుపడ్డాం. కులపెద్దలు కూర్చుని పంచారు. ఎంత న్యాయంగా పంచారో చూడండి. కుండలు చేసే చక్రం సారె, కుండలు తట్టే చెక్కలు, లోపల ఆనించే గుండ్లు అన్నీ పెద్దవాడికి. ఇల్లు, కుండలు కాల్చే ఆవం, అమ్మ నాకు. సారె లేని కుమ్మరికి ఆవం దేనికి, చలి కాచుకోవడానికా? అదే అడిగితే ఒక పెద్దాయన మీసం దువ్వుకున్నాడు.

"ఈ వీధి ఇండ్లకు కుండలిచ్చే హక్కు ఎవరిదో ఇంగా తేల్చలేదప్పా. పత్తి సావుకారి ఇంట్లో పెండ్లి వస్తాంది. ఐరేణి కుండలు ఎవరింట్లో ఎత్తుకుంటే, ఈ వీధి వాళ్లదే."

ఐరేణి కుండలంటే సున్నం పూసి రంగులు దిద్దిన పెళ్లికుండలు. వాటికోసం పెళ్లింటి ఆడవాళ్లు మేళంతో కుమ్మరి ఇంటికే వస్తారు. సారెకు పసుపు పూసి మొక్కిన తర్వాతే కుండలు ఎత్తుకుంటారు. ఆ వీధి చేజారితే మా పొయ్యి ఆరిపోయినట్టే.

నా భార్య ఎమ్మిగనూరు నుంచి కాపురానికి వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. నేను అరుగు మీద కూర్చుని పెద్దల్ని తిడుతూ ఉంటే, ఆమె ఇల్లంతా కలయజూసి వంటింటి మూలకు వేలు చూపించింది.

"ఇదో, తిరిగేది ఒకటి ఈడనే ఉండాది గదా."

అది తిరగలి. అంచు విరిగి, జొన్నపిండిలో రాయి రాలుతోందని అమ్మ పక్కన పెట్టింది.

"తిరగలి మీద కుండా? మతి పోయిందా నీకు?"

"మతి ఉండబట్టే సెప్తాండా. సారెనైతే మీ అన్న ఎత్తుకపోయినాడు. దీన్ని ఎవరూ ఎత్తుకపోలేదు."

కింది రాయిని ఇనుప మొలతో సహా నేలలో పాతాం. పైరాయి కన్నంలో తుమ్మచెక్క బిగించి, అడుగున మొలకు సరిపడా గుంట తొలిచాను. బరువు చాలదని రాయి చుట్టూ వెదురుబద్దలు కట్టి, గోనెపీచు కలిపిన బంకమట్టి మెత్తాం. ఆరాక ఆముదం పోసి, పిడి కన్నంలో కర్ర పెట్టి తిప్పాను. మొదట మూలిగింది. తర్వాత ఇంకా తిప్పమన్నట్టు గిర్రున తిరిగింది. మా అమ్మ చప్పట్లు కొట్టింది!

ఇక ఇంట్లో ఏ వస్తువుకూ నిద్ర లేదు. ఊరగాయ జాడీ మీద బరువు పెట్టే గుండ్రాయి కుండలోపల ఆనించడానికి వచ్చింది. నాయన గొడుగు కమ్మి కన్నాలు పొడవడానికి, ఆయన పంచె చింపులు మూతి నున్న చేయడానికి. పత్తి మిల్లు బయట పడి ఉన్న బేళ్ల ఇనుప పట్టీ వంచితే అడుగు గీకే కత్తి అయింది. ఎమ్మిగనూరు నుంచి మా మామ వచ్చి, మగ్గాల వాళ్లు పారేసిన గట్టి నూలు ఇచ్చాడు. సారె మీంచి కుండ కోయడానికి అంతకంటే మంచిది నేను చూడలేదు.

తట్టే చెక్క ఒక్కటే తక్కువైంది. నేను పసివాడిగా ఊగిన ఉయ్యాల పలక అటక మీద ఉంటే దించి చెక్కాను. దానిమీద చిలకల బొమ్మలు చెక్కి ఉన్నాయన్న సంగతి నాకు తెలియదు. ఏళ్లనాటి నూనె, మసి గట్టిపడి గీతలన్నీ పూడిపోయి ఉన్నాయి. పచ్చి కుండల మీద తడిచేత్తో తడుతూ ఉంటే ఆ పూడిక కొంచెం కొంచెంగా ఊడింది. మొదటి కుండలు నున్నగానే వచ్చాయి. తర్వాత ఒకదాని పొట్ట మీద ముక్కు కనిపించింది. ఇంకోదాని మీద తోక. ఆపైన తలకిందుల చిలకలు గుంపులు గుంపులుగా దిగాయి.

తడిగుడ్డతో చెరిపేయబోతే నా భార్య చెయ్యి పట్టుకుంది. "మట్టి బిర్రుగైంది. ఇప్పుడు తడిపితే పగులుతాది. మళ్లా సేసేదానికి పొద్దు యాడుంది?"

మామ నవ్వలేక చచ్చాడు. "అల్లుడా, ఎగిరిపోకముందే కాల్చప్పా!"

కాల్చాం. సున్నం పూస్తే చిలకలు దాక్కుంటాయనుకున్నాను. ఉబ్బిన గీతలకు ఎర్రటి జాజు రంగు అంటుకుని ఇంకా స్పష్టంగా బయటపడ్డాయి.

పెళ్లివారు వచ్చే పొద్దున, అన్న తన సారె కడిగి, ముగ్గులు పెట్టి, కుండలు వరసగా పేర్చి ఉన్నాడని తెలిసింది. నాయన కాలం నుంచీ వచ్చే ఇల్లు గనక మేళం ముందు మా గుమ్మం దగ్గరే ఆగింది. సావుకారి చెల్లెలు పళ్లెంతో పెరట్లోకి వచ్చి, సారెను చూసి, అడుగు వెనక్కి వేసింది.

"అయ్యో, ఇది తిరగలి గదమ్మా! దీనికి మొక్కాల్నా? పదండి, వాళ్లన్న ఇంటికి పోదాం."

డోలు ఆగిపోయింది. నా భార్య మాత్రం పీట వాల్చి, నీళ్లచెంబు పెట్టి, కూర్చోమన్నట్టు నిలబడింది.

అప్పుడు పెళ్లికూతురి అవ్వ కర్ర పొడుచుకుంటూ ముందుకు వచ్చింది. "పెండ్లిపనులు ఎత్తుకున్న పొద్దు మనింట్లో పసుపు దేనికి పూసినాం? తిరగలికి కాదా? ఆడ మొక్కిన సేతులు ఈడ మొక్కితే అరిగిపోతాయా?"

అవ్వ కూర్చుని తిరగలికి తృప్తిగా పసుపు పూసింది. బొట్టు పెట్టి, ఒక కుండ ఎత్తి కళ్ల దగ్గర పెట్టుకుంది.

"ఇదేమప్పా, చిలకలు తలకిందులుగా ఏలాడతాండాయి?"

"ఉయ్యాల చెక్కతో తట్టినామవ్వా" అన్నాను, ఉన్నమాట.

"ఉయ్యాలా!" అవ్వ బోసినోటితో నవ్వింది. "మా పిల్ల యోగం సూడండే. తాళి పడకముందే ఉయ్యాల వచ్చింది!"

పెరడంతా గొల్లుమంది. డోలు మళ్లీ అందుకుంది. సావుకారి చెల్లెలు కూడా నవ్వుతూ, చిలకలు దట్టంగా ఉన్న కుండను ఏరుకుని మరీ ఎత్తుకుంది.

ఊరేగింపు వెనక నడుస్తున్న ఎదురింటామె గుమ్మంలో ఆగింది. వాళ్లింట్లోనూ పెళ్లి కుదిరిందట.

"మాకూ నువ్వే సెయ్యప్పా. సిలకలు మాత్రం ఇంగా పెద్దవి ఉండాల."

"చిలకల సైజు నా చేతిలో లేదమ్మా! ఆ ఉయ్యాల చేసిన వడ్లాయన్ను అడుగు" అని కసిరాను. ఆమె నవ్వుకుంటూ మేళం వెంట పరుగెత్తింది. నేను పసుపు ఆరని తిరగలి మీద మట్టిముద్ద వేసి, కర్ర అందుకున్నాను.