సాయంత్రం సంతకానికి ఆగని డాక్టరమ్మ

మొన్న శనివారం పొద్దున షట్టరు సగం ఎత్తానో లేదో, ఎదురు ఆసుపత్రి పెద్ద సిస్టరు గారు రోడ్డు దాటి వచ్చి, "మన మేడం గారు పోయారండి" అన్నారు. ఎత్తిన షట్టరు మళ్ళీ దించేశాను.

రావులపాలెంలో నాది చిన్న కొట్టు. కాన్పుకొచ్చినవాళ్ళకి ఫ్లాస్కులు, దోమతెరలు, పసిపిల్లల టోపీలు అమ్ముతాను. ఆవిడ ఆసుపత్రి వల్లే మా ఇల్లు గడిచింది. అయినా ఆవిడకి నా మీద ఒక కోపం ఉండేది.

"ఏమయ్యా, నేను లోపల తల్లిపాలు పట్టండని గొంతు చించుకుంటుంటే, నువ్వు గుమ్మానికి పాలసీసాల తోరణం కట్టావా?"

"మీ మాట విననివాళ్ళే కొంటారండి."

"అయితే చాలామందే ఉన్నారన్నమాట!" అని నవ్వేశారు. సీసాలు లోపల పెట్టేశాను.

డాక్టర్ల రిజిస్ట్రేషన్ కూడా మా షాపు లైసెన్సులాంటిదే. కొన్నేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. దానికి డాక్టర్ల మీటింగులకి వెళ్ళి పాయింట్లు తెచ్చుకోవాలి. అవి ఆదివారాలు రాజమండ్రిలో జరిగేవి. అందరూ సాయంత్రందాకా ఉండి, సంతకం పెట్టి సర్టిఫికెట్ పట్టుకొచ్చేవారు. ఈవిడ మాత్రం ముందు వరసలో కూర్చుని పాఠాలు విని, భోజనాల వేళకి వచ్చేసేవారు. వార్డులో ఎవరో ఒకరు నొప్పులు పడుతూ ఉండేవారు మరి.

"సంతకం పెట్టారా మేడం?" అని సిస్టరు గారు అడిగితే, "పాఠం విన్నాను కదమ్మా, అది చాలదా?" అనేవారు.

చాలలేదు. పాయింట్లు తక్కువై రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది. ఇన్సూరెన్సు వాళ్ళు ఆసుపత్రిని వాళ్ళ కార్డులు చెల్లే జాబితాలోంచి తీసేశారు. ఆ సంగతి తెలియక కార్డు పట్టుకుని కాన్పుకొచ్చిన ఒకావిడ క్లెయిము తిరిగొచ్చేసింది. వాళ్ళత్తగారు కౌంటరు దగ్గర నిలబడి, "ఎంత పేరుంటే ఏం లాభమండి, డాక్టరమ్మకే లైసెన్సు లేదంట!" అని వీధికి వినపడేలా అంది. మేడం గారు బయటికొచ్చి, "తప్పు నాదమ్మా. మీరేం కట్టక్కర్లేదు, బిడ్డని తీసుకెళ్ళండి" అన్నారు. ఎంత కష్టమైన కాన్పు చేసొచ్చినా ఆ మొహం అలా వాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత మీటింగుల్లో సాయంత్రందాకా కూర్చున్నారు. వార్డు నుంచి ఫోను మోగుతుంటే ఏం చెయ్యాలో అక్కణ్ణుంచే సిస్టరు గారికి చెప్పేవారు. రిజిస్ట్రేషన్ తిరిగొచ్చింది. ఇన్సూరెన్సు జాబితాలోకి ఎక్కడం మాత్రం మళ్ళీ మొదటినుంచి. అడిగిన కాగితాలన్నీ పంపారు. ఫోను చేస్తే, "మీ ఫైలు ప్రాసెస్‌లో ఉంది మేడం" అని ఒకటే జవాబు.

"బిడ్డ ప్రాసెస్‌లో ఉండదు నాయనా, వచ్చేస్తుంది" అన్నారోసారి, నా కొట్టు ముందు నిలబడి మాట్లాడుతూ. ఫోను పెట్టేశాక నవ్వలేదు.

కార్డులున్నవాళ్ళు వేరే ఆసుపత్రులు చూసుకున్నారు. మంచాలు ఖాళీ అయ్యాయి. సాయంత్రాలు వచ్చి నా స్టూలు మీద కూర్చునేవారు.

"ఊళ్ళో కాన్పులు తగ్గాయంటావా?"

"తగ్గలేదండి. వంతెన దాటి రాజమండ్రి పోతున్నాయి."

ఆవిడ లేచి రోడ్డు దాటి వెళ్ళిపోయారు. ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో నేను.

జబ్బు పడ్డాక కూడా సిస్టరు గారిని, "ఇన్సూరెన్సు వాళ్ళ ఫోనేమైనా వచ్చిందా?" అనే అడిగేవారట. రాలేదు. ఇప్పుడు వచ్చినా ఎవరి పేరు మీద వస్తుంది? అక్కడ ఇంకో డాక్టరు లేరు.

నిన్న సాయంత్రం గేటు ముందు ఒక ఆటో ఆగింది. లోపల నెలలు నిండిన పిల్ల, పక్కన వాళ్ళమ్మ.

"మేడం గారున్నారాండి?" అని వాళ్ళమ్మ నన్నడిగింది.

చెప్పాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డ్రైవరు ఇంజను ఆపలేదు. "రాజమండ్రేనాండి ఇంక?" అంటూనే బండి తిప్పేశాడు.

హైవే మీద అరటి గెలల లారీలు వంతెనదాకా బారులు తీరి ఉన్నాయి. వాటి వెనక ఆటో ఆగింది. కాస్త కదిలి, మళ్ళీ ఆగింది. పక్క ఇనపకడ్డీని పట్టుకున్న ఆ పిల్ల చెయ్యి మాత్రం చాలాసేపు కనిపించింది.