కారం రాని లేబులు

బ్రాడీపేటలో నాకో చిన్న డీటీపీ సెంటరు ఉండేది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, బోర్డు మీద 'గ్రాఫిక్స్ నిపుణులు' అనే బహువచనం. ఆ బహువచనమంతా నేనొక్కణ్ణే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక ఎండాకాలం ఉదయం వినుకొండ నుంచి ఒకావిడ వచ్చారు. సొంత చేలో పండిన మిరపకాయలతో కారం ప్యాకెట్లు చేసి అమ్మాలని ఆవిడ ఆలోచన. మా వీధి చివరి కిరాణా కొట్టాయన పెట్టుకుంటానన్నాడట, లేబులుంటేనే. ప్రెస్సువాళ్ళేమో ఒంటిగంటలోపు డిజైను తెమ్మన్నారు. ఆ తర్వాత కరెంటు కోత, మర్నాటి నుంచి శుభలేఖల రద్దీ.

మిరపకాయల బొమ్మ పెట్టాను. అంచు గీశాను. ఇక పైన 'కారం' అని రాయడమే. మా సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు రాసే పనిముట్టుకు గుర్తు ఇంగ్లీషు అక్షరం 'టీ'. అది నొక్కాను. సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. మళ్ళీ తెరిచాను, మళ్ళీ టీ, మళ్ళీ మూత.

"ఏమైంది బాబూ?"

"టీ దగ్గర ఆగిపోతోందండీ."

"నాకు టీలూ కాఫీలూ వద్దులే నాయనా. ముందు లేబులు సంగతి చూడు."

ఆకారం వచ్చింది గానీ కారం రాలేదు. నిపుణులం కదా, సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి, సీడీ పెట్టి మళ్ళీ ఎక్కించాం. ముప్పావుగంట పోయింది. టీ నొక్కితే అదే తంతు. విజయవాడలో ఇదే పని చేసే స్నేహితుడికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, ఇల్లంతా కడిగి, పాసిపోయిన కూర గిన్నె మాత్రం గూట్లోనే ఉంచావు. పాడైంది ప్రిఫరెన్సెస్ ఫైలు. సాఫ్ట్‌వేర్ తీసేసినా అది పోదు. ముందు అన్నీ మూసెయ్. ఆ ఫైలు పట్టుకుని పేరు మార్చు. మళ్ళీ తెరిస్తే కొత్తది అదే రాసుకుంటుంది."

ఆ ఫైలుండే ఫోల్డరు ఎంత వెతికినా కనపడలేదు. పన్నెండు కావస్తోంది. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"ఏం ఫైలు అది?"

"నా ఇష్టాయిష్టాలు రాసిపెట్టుకునేదండీ. ఏది ఎక్కడుండాలి, అక్షరం ఎంతుండాలి, అట్లాంటివి. కంప్యూటరు దాచేసింది."

"ఎందుకు దాచడం?"

"మనం కెలుకుతామని."

"కెలికేవాడిలాగే ఉన్నావులే. దాచినయ్యి చూపించమని దాన్నే అడగరాదూ?"

అప్పుడు గుర్తొచ్చింది. దాచిన ఫైళ్ళు చూపించమనే గడి ఒకటి సెట్టింగుల్లో నిజంగానే ఉంది. అందులో టిక్కు పెట్టగానే ఫోల్డరు బయటపడింది, అందులో ఫైలు. పేరు చివర 'పాత' అని తగిలించి, సాఫ్ట్‌వేర్ తెరిచాను. మూడేళ్ళుగా నా వీలుకొద్దీ తెరమీద సర్దుకున్న పనిముట్ల పెట్టెలన్నీ కొన్న రోజున ఎక్కడున్నాయో అక్కడికి వెళ్ళి కూర్చున్నాయి. నా ఇష్టాలు పోతే పోయాయి. టీ నొక్కాను.

మూసుకుపోలేదు. 'కారం' అని కొట్టి, ఒక కాపీ తీసిచ్చాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఎరుపు ఇంకాస్త పెంచు బాబూ. మా కారం ఇంత నీరసంగా ఉండదు."

పెంచాను. పన్నెండున్నరకి డిజైను ఎక్కించిన సీడీ తీసుకుని ప్రెస్సుకి ఆటో ఎక్కారు. వారం తిరక్కుండా కిరాణా కొట్లో ప్యాకెట్లు కనిపించాయి. నాకూ ఒకటి తెచ్చిచ్చారు. మొదటి ముద్దకే చెంబుడు నీళ్ళు తాగి, నీరసం లేదని నిర్ధారించుకున్నాను.

ఆ పాలిపోయిన కాపీ నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని మానిటరు పక్కన గోడకు అంటించి, 'కారం' ముందు స్కెచ్ పెన్నుతో 'ఈ ప్ర' అని చేర్చాను. కింద వరసగా రాసుకున్నాను: అన్నీ మూసెయ్, దాచినయ్యి చూపించమను, పేరు మార్చు, తెరువు, టీ నొక్కు. తర్వాత ఎప్పుడు మొరాయించినా మా నిపుణులందరం ఈ ప్రకారమే చేసేవాళ్ళం.