అమ్మమ్మ ఇంటి బాయి నీళ్ళు

మా చిన్నప్పుడు... వేసవి సెలవులయ్యాక అమ్మమ్మ వాళ్ళ ఊరి నుంచి మేముండే సూరత్‌కు తిరిగొచ్చే రోజు, అందరికంటే ముందు తయారయ్యేది నీళ్ళ క్యాను!

అమ్మమ్మ పొద్దున్నే బావిలో చేద వేసి, నీళ్ళు తోడి, పాత చీర ముక్కతో వడగట్టి నింపేది. సూరత్‌లో లింబాయత్ బస్తీలోని మా గదికి చేరగానే అమ్మ ఆ నీళ్ళతో పప్పు వండేది. "సూరత్ నీళ్ళల్ల పప్పు ఉడకది" అని అమ్మమ్మ తీర్మానం. ఉడికేది... కానీ ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు.

ఒక ఏడాది వెళ్ళేసరికి చేద తాడుకు ఇంకో తాడు ముడేసి ఉంది. ఊరి పక్కన ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని తవ్వుతున్నారు... ఆ గొయ్యి లోతయ్యేకొద్దీ మా బావిలో నీళ్ళు దిగిపోయాయి. బ్లాస్టింగ్ చేస్తే అటక మీద గిన్నెలు గలగలలాడేవి.

గని పెరుగుతూ పోయింది. చివరికి చేను, ఇల్లు, బావి... అన్నీ అందులో కలిసిపోయాయి. అమ్మమ్మ సూరత్‌లో మా దగ్గరికి వచ్చేసింది.

ఇక్కడా బొగ్గు ఆమెను వదల్లేదు. డాబా మీద ఆరేసిన బట్టల నిండా మసి.

"ఏంది బిడ్డా ఈ నల్లది?"

"బట్టలకు రంగులేసే మిల్లులల్ల బొగ్గు కాలుస్తరు అమ్మమ్మా."

వేలికంటిన మసిని చాలాసేపు చూసింది. "మన ఊరిదేనా?" అంది. ఏ గనిదో నాకేం తెలుసు... బట్టలు దులిపి మళ్ళీ ఆరేశాను.

ఏటా ఎండలు ముదురుతూనే ఉన్నాయి. మొన్నటి ఎండాకాలం అమ్మమ్మకు వడదెబ్బ తగిలింది. ఆసుపత్రి నుంచి తెచ్చినా కోలుకోలేదు. "మన బాయి నీళ్ళు జర పొయ్యి బిడ్డా" అని అమ్మను అడిగింది. అమ్మ వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుని, నల్లా నీళ్ళే చెంబులో తెచ్చి చెంచాతో పోసింది.

"బాయి నీళ్ళేనమ్మా... తాగు."

అమ్మమ్మ గుటక వేసి, కళ్ళు తెరిచి ఆశగా అడిగింది. "బాయిల ఇంక నీళ్ళున్నయా?"

"నిండుగున్నయమ్మా."

ఆ సాయంత్రమే పోయింది.

కరెంటు కావాలి, మిల్లులు నడవాలి... నాకూ తెలుసు. ఫ్యాను కిందే కూర్చుని ఇది రాస్తున్నాను. కానీ పిల్లలకు చూపించడానికి ఆ బావి గట్టు రాయి ఒక్కటి కూడా మిగల్లేదు.

మీ ఊళ్ళో ఇంకా నీళ్ళున్న బావి ఉంటే, చెంబెడు తాగి, ఆ రుచి ఎలా ఉందో కింద రాయండి... నేను మరిచిపోతున్నాను.